విశ్వపు ఆవర్జాలో చివరి నిలువ సున్నయేనా?

చెన్నపట్నంలోని జార్జి టౌన్ లెక్కల మీద నడిచిన పేట. ఒకప్పుడు బ్లాక్ టౌన్ అని పిలిపించుకుని, తరువాత ఐదవ జార్జి చక్రవర్తి పేరు పెట్టుకున్న ఈ వాడలో తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకుని వీధి అనే పేర్లే పాత వర్తకానికి సాక్ష్యాలు. కొత్వాల్ చావడిలో కన్యకాపరమేశ్వరి అమ్మవారి దేవస్థానం చుట్టూ తెలుగు వర్తకులు, షావుకారుపేటలో గుజరాతీ, మార్వాడీ వర్తకులు తరతరాలుగా చిట్టా ఆవర్జాలు వ్రాసుకుంటూ వచ్చారు. కొత్త పుస్తకానికి పూజ ఒకరు ఉగాదినాడు చేసినా, మరొకరు దీపావళినాడు చేసినా లెక్క సూత్రం మాత్రం అందరికీ ఒకటే. ఒకచోట పడిన పద్దుకు ఇంకొకచోట ఎదురు పద్దు ఉండాలి. రెండు వైపులా కూడి చూస్తే తేడా సున్న రావాలి.

ఈ పేటను ఆనుకున్న రేవులో, 1912 మార్చి 1వ తేదీన, పోర్టు ట్రస్టు లెక్కల శాఖలో నెలకు 30 రూపాయల జీతం మీద ఒక గుమాస్తా చేరారు. ఆయనే శ్రీనివాస రామానుజన్. ఆ ఏడాది కొన్ని నెలలపాటు జార్జి టౌన్‌లోని శైవ ముత్తయ్య మొదలి వీధిలో భార్యతోను, తల్లితోను కాపురం ఉన్నారు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునికి వ్రాసిన ప్రసిద్ధమైన లేఖలో ఆయన తనను తాను పరిచయం చేసుకున్నది కూడ లెక్కల శాఖ గుమాస్తాగానే. పగలంతా రేవు పద్దులు, మిగిలిన వేళల్లో అంతులేని శ్రేణుల మొత్తాలు: ఇదీ ఆనాటి ఆయన దినచర్య.

పద్దుల లెక్క, అంతులేనిదాని లెక్క అనే ఈ రెండూ కలుసుకునే ప్రశ్న ఒకటి నేటి భౌతికశాస్త్రంలో ఉన్నది. విశ్వంలోని శక్తినంతటినీ, ధనశక్తిని ఒకవైపు, ఋణశక్తిని ఒకవైపు వేసి కూడితే చివరి నిలువ ఎంత? అది సున్న కావచ్చునని వాదించిన శాస్త్రజ్ఞులు కొద్దిమంది కారు. అదే నిజమైతే ఇంత విశ్వమూ ఏమీ లేని స్థితి నుండి పుట్టినా శక్తి నిత్యత్వ నియమానికి భంగం కలుగదు. ఈ మాట ఇటీవలి దశాబ్దాలలో జనరంజక గ్రంథాల ద్వారా బాగా వ్యాపించింది. సృష్టికర్త అవసరం లేదనడానికి కొందరు, మన వేదాంతం ముందే చెప్పిందనడానికి మరికొందరు దీనినే ఉదహరిస్తున్నారు. పదవ తరగతి విద్యార్థి ఈ మాట విని వచ్చి, పాఠ్యపుస్తకంలో శక్తిని సృష్టించలేమని ఉన్నదే, ఇదెలా అని అడిగితే ఉపాధ్యాయుడు నిజాయితీగా ఏమి చెప్పాలి? ఈ వాదంలో ఎంత గట్టిది, ఎంత పలుచనిది అని తెలిస్తేనే జవాబు చెప్పగలం.

ఋణం అంటే అప్పే

గణితంలో మనం వాడే ధన, ఋణ శబ్దాలు వ్యాపారపు మాటలే. క్రీ.శ. 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు ధనాన్ని ఆస్తిగాను, ఋణాన్ని అప్పుగాను భావించి వాటి కూడికకు నియమాలు చెప్పాడు. సమానమైన ధన ఋణాల మొత్తం శూన్యమని అందులో ఒక నియమం. విశ్వశక్తి వాదానికి మూలమైన గణితం ఇంతే. తక్కినదంతా ఆ అప్పు ఎక్కడున్నది, ఎంత ఉన్నది అనే విచారణ.

ఆస్తి ఎక్కడున్నదో సులభంగానే కనిపిస్తుంది. 1905లో ఐన్‌స్టైన్ చూపినట్లు ద్రవ్యరాశి యావత్తూ శక్తియే. ఒక కిలోగ్రాము పదార్థంలో 9 తరువాత 16 సున్నలు పెట్టినన్ని జౌళ్ళ శక్తి ఇమిడి ఉన్నది. వెలుతురు, వేడి, చలనం కూడ ధనశక్తులే. అప్పు కనిపించేది గురుత్వాకర్షణలో.

1996లో కూరగాయల వర్తకం కోయంబేడుకు తరలిపోయేదాకా కొత్వాల్ చావడిలో రోజూ వేల బస్తాలు బండ్లకు ఎక్కేవి, దిగేవి. 50 కిలోల బస్తాను ఒకటిన్నర మీటరు ఎత్తున్న బండి మీదికి ఎత్తడానికి కూలీ సుమారు 735 జౌళ్ళ శక్తిని వెచ్చించాలి. ఇంకా పైకి ఎత్తితే ఇంకా వెచ్చించాలి. భూమి ఆకర్షణ పూర్తిగా వదిలిపోయేంత దూరం తీసుకుపోవాలంటే కిలోగ్రాముకు సుమారు 6 కోట్ల 25 లక్షల జౌళ్ళు కావాలి. సెకనుకు 11.2 కిలోమీటర్లనే పలాయన వేగం ఈ లెక్క నుండి వచ్చినదే. అంతదూరం చేరి నిశ్చలంగా నిలిచిన వస్తువుకు గురుత్వశక్తి సున్న. అంత శక్తి చెల్లిస్తేగాని సున్న దగ్గరకు రాలేకపోయిన వస్తువు, నేలమీద ఉన్నప్పుడు ఆ మేరకు బాకీలో ఉన్నట్లే గదా. గురుత్వ స్థితిశక్తిని ఋణసంఖ్యగా వ్రాయడంలోని అర్థం ఇదే.

ఆ బాకీ ఎంత? ఒక కిలోగ్రాము పదార్థంలోని శక్తిని 100 కోట్ల రూపాయల ఆస్తి అనుకుందాం. భూమి మీద ఉన్నందుకు దానికి ఉన్న అప్పు సుమారు 70 పైసలు. సూర్యుని ఉపరితలం మీద ఉంటే అప్పు 2,100 రూపాయలు. సిరియస్ జంటలోని శ్వేతకుబ్జతార మీద ఉంటే సుమారు రెండున్నర లక్షలు. పది పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్థంలో సూర్యుని కంటె ఎక్కువ ద్రవ్యరాశి కుదించుకున్న న్యూట్రాన్ తార మీదనైతే 15 నుండి 20 కోట్లు. 70 పైసల వద్ద నవ్వులాటగా కనిపించిన అప్పు ఇక్కడికి వచ్చేసరికి ఆస్తిలో ఆరో వంతుకు వచ్చింది.

ఇది కాగితం మీది అప్పు మాత్రమే కాదు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు రెండు కృష్ణబిలాల కలయికను గుర్తించాయి. ఒకటి సుమారు 36 సూర్యుల ద్రవ్యరాశి కలది, రెండవది 29. కలిసిన తరువాత మిగిలినది 62 మాత్రమే. తక్కువపడిన మూడు సూర్యుల ద్రవ్యరాశి గురుత్వ తరంగాలుగా వెలికిపోయింది. రెండు బరువులు దగ్గరై బంధం బిగిసేకొద్దీ మొత్తంలో అంత కోత పడుతుందన్నది ఈ విధంగా తూకానికే అందింది.

విశ్వం మొత్తానికి లెక్క కడితే

అప్పు పరిమాణం ద్రవ్యరాశి పెరిగితే పెరుగుతుంది, దూరం పెరిగితే తగ్గుతుంది. అయితే అంతటా సమంగా పరచుకున్న పదార్థంలో గోళం వ్యాసార్థాన్ని రెట్టింపు చేస్తే లోపలి ద్రవ్యరాశి ఎనిమిది రెట్లవుతుంది, దూరం రెండు రెట్లే అవుతుంది. కాబట్టి అంచున ఉన్న కిలోగ్రాము అప్పు నాలుగు రెట్లవుతుంది. విశ్వంలో పదార్థం ఎంత పలుచగా ఉన్నా, అన్ని రకాల శక్తినీ కలిపి ఘనమీటరుకు సుమారు ఐదు హైడ్రోజన్ పరమాణువుల బరువే ఉన్నా, దూరాలు అపారం గనుక అప్పు ఎక్కడో ఒకచోట ఆస్తిని అందుకోక తప్పదు. గెలాక్సీలు మనకు కాంతివేగంతో దూరమవుతున్నట్లు లెక్కతేలే సుమారు 1,440 కోట్ల కాంతి సంవత్సరాల దూరం దాకా గోళం గీసి, న్యూటన్ సూత్రంతో గుణించి చూస్తే, అంచున ఉన్న కిలోగ్రాముకు 100 కోట్ల ఆస్తి మీద 50 కోట్ల అప్పు తేలుతుంది. ఇది మోటు లెక్క. గోళం ఎక్కడ గీశాము, ఏ పద్ధతిలో కూడాము అన్నదాన్నిబట్టి అంకె మారుతుంది. అయినా ఆస్తి, అప్పు రెండూ ఒకే స్థాయి సంఖ్యలు కావడం ఆశ్చర్యం కలిగించే విషయమే.

ఈ ఆశ్చర్యం మొదట పలికినది ఒక నక్షత్రాన్ని గురించి. తన పదార్థపు శక్తికి సరిసమానమైన గురుత్వ ఋణం ఉన్న నక్షత్రాన్ని శూన్యం నుండి సృష్టించినా శక్తి నియమం అడ్డురాదని జర్మన్ శాస్త్రజ్ఞుడు పాస్కల్ జోర్డాన్ సూచించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జార్జి గామోవ్ ఈ సంగతిని ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టైన్‌తో నడుస్తూ ప్రస్తావించారట. అప్పుడు వీధి దాటుతున్న ఐన్‌స్టైన్ ఉన్నచోటనే ఆగిపోయారనీ, వారికోసం కార్లు నిలిచిపోయాయనీ గామోవ్ తన స్వీయచరిత్రలో వ్రాసుకున్నారు.

1973 డిసెంబరులో న్యూయార్కులోని ఎడ్వర్డ్ ట్రయన్ అనే శాస్త్రజ్ఞుడు నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించి, నక్షత్రానికి బదులు విశ్వాన్నే ముందుంచారు. ఆయన వాదం క్వాంటం సిద్ధాంతం చెప్పే శూన్యం మీద ఆధారపడినది. ఆ శూన్యం నిశ్చలంగా ఉండదు. అందులో సూక్ష్మమైన హెచ్చుతగ్గులు నిరంతరం జరుగుతుంటాయి. స్థూలంగా బోధించేటప్పుడు దీనిని చేబదులుతో పోల్చడం ఉన్నది. పెద్ద మొత్తం తీసుకుంటే క్షణంలో తీర్చేయాలి, చిన్న మొత్తమైతే కొంత ఎక్కువ కాలం ఉంచుకోవచ్చు. అసలు తీసుకున్న మొత్తమే సున్న అయితే గడువే లేదు. విశ్వపు మొత్తం శక్తి సున్న గనుక అది 1,380 కోట్ల సంవత్సరాలుగా నిలిచి ఉన్నా శూన్యానికి బాకీపడి లేదని ట్రయన్ తాత్పర్యం.

శూన్యంలో ఏదో జరుగుతున్నదనడానికి నిదర్శనం లేకపోలేదు. రెండు లోహపు రేకులను అతి దగ్గరగా ఉంచితే వాటి మధ్య శూన్యపు శక్తి బయటి శూన్యం కంటె తగ్గి, రేకులు ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయని 1948లో డచ్చి శాస్త్రజ్ఞుడు కాసిమీర్ లెక్కకట్టారు. 1997లో స్టీవ్ లామొరో ఆ బలాన్ని కచ్చితంగా కొలిచారు.

తరువాత ఈ ఆలోచన విస్తరించింది. 1981లో ఆలన్ గుత్ ప్రతిపాదించిన ద్రుత వ్యాకోచ సిద్ధాంతం ప్రకారం విశ్వం తొలిక్షణాల్లో విపరీతంగా ఉబ్బింది. ఉబ్బేకొద్దీ ఆస్తి పెరిగింది, దానితోపాటు గురుత్వపు అప్పు కూడ పెరిగింది. కనుక కొద్దిపాటి బీజం నుండి ఇంత పదార్థం రావడంలో వైరుధ్యం లేదని దాని వాదన. 1982లో అలెగ్జాండర్ విలెంకిన్, 1983లో జేమ్స్ హార్టిల్, స్టీఫెన్ హాకింగ్ విశ్వావిర్భావానికి క్వాంటం గణితరూపం ఇవ్వడానికి పూనుకున్నారు. 2010లో హాకింగ్ సహరచనగా వెలువడిన 'ది గ్రాండ్ డిజైన్' గ్రంథంతో ఈ వాదం సామాన్య పాఠకులదాకా చేరింది.

ఒక దుకాణం లెక్క వేరు, పేట లెక్క వేరు

ఇంతవరకు కథ సాఫీగానే ఉన్నది. ఇక్కడినుండే చిక్కులు.

మొదటి చిక్కు ఐన్‌స్టైన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం నుండి వస్తుంది. అందులో గురుత్వాకర్షణ అంటే స్థలకాలాల వంపే. ఆ వంపులో ఉన్న శక్తి ఫలానా చోట ఇంత ఉన్నదని చూపి చెప్పడం సాధ్యం కాదు. దుకాణంలోని ఒక్కొక్క బస్తా మీద చీటీ అంటించినట్లు గురుత్వశక్తికి చీటీ అంటించలేము. అయితే ఒక నక్షత్రమో, ఒక గెలాక్సీయో చుట్టూ ఖాళీ స్థలంతో ఒంటరిగా ఉంటే, చాలా దూరం నుండి దాని ఆకర్షణను కొలిచి లోపలి మొత్తం శక్తి ఇంత అని తేల్చవచ్చు. బయట నిలబడి తూకం వేసే పద్ధతి ఇది.

ఈ పద్ధతిలో తేలిన ఫలితం సున్న వాదులకు అనుకూలం కాదు. 1979లో రిచర్డ్ షోన్, షింగ్‌తుంగ్ యావ్ అనే గణితజ్ఞులు, 1981లో మరొక మార్గంలో ఎడ్వర్డ్ విట్టెన్, ఒక సిద్ధాంతాన్ని నిరూపించారు. సాధారణమైన పదార్థంతో ఏర్పడి, ఖాళీ స్థలం నడుమ ఒంటరిగా ఉన్న ఏ వ్యవస్థకైనా మొత్తం శక్తి ఋణం కాజాలదు. అది సున్న అయితే అక్కడ అసలేమీ లేదన్నమాట. అంటే అప్పు ఆస్తిని కొరుక్కుతినగలదు గాని పూర్తిగా మింగలేదు. చివరి నిలువ సున్న అని తేలిన దుకాణం ఖాళీ దుకాణమే. జోర్డాన్ ఊహించిన ఒంటరి నక్షత్రానికి ఈ సిద్ధాంతం తలుపు మూసివేసింది.

కాని విశ్వం ఒక దుకాణం కాదు, మొత్తం పేట. దానికి బయట అనేదే లేదు. బయట నిలబడి తూచే తక్కెడకు చోటు లేదు. విశ్వం గోళపు ఉపరితలం వలె తనలోకి తాను ముడుచుకున్న సంవృత విశ్వమైతే ఒక చిత్రమైన ఫలితం వస్తుంది. విద్యుదావేశంతో పోల్చి చూస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. ధనావేశం నుండి బయలుదేరిన బలరేఖ ఎక్కడో ఒక ఋణావేశం వద్ద ముగియాలి. సంవృత విశ్వంలో రేఖ బయటికి పారిపోవడానికి దారి లేదు గనుక ఆ విశ్వపు మొత్తం ఆవేశం తప్పనిసరిగా సున్న. శక్తికి కూడ గణితం ఇదే విధంగా నడుస్తుంది. ఏదైనా ఒక మొత్తం చెప్పి తీరాలంటే, చెప్పగలిగినది సున్న ఒక్కటే.

పేటలో వర్తకులు ఒకరికొకరు ఇచ్చుకున్న అప్పులను తలచుకుంటే దీని విలువ తెలుస్తుంది. ఒకరికి రావలసినది ఇంకొకరు ఇవ్వవలసినదే. బయటివారితో లావాదేవీ లేకపోతే వీధులన్నింటి పద్దులు కూడినప్పుడు నిలువ సున్న వచ్చి తీరుతుంది. పేట పచ్చగా ఉన్నా అంతే, కరవులో ఉన్నా అంతే. ఆ సున్న పేట గురించి చెప్పేది తక్కువ, పుస్తకం వ్రాసే పద్ధతి గురించి చెప్పేది ఎక్కువ. సంవృత విశ్వపు సున్న కూడ ఇటువంటిదేనని, దానిని కొలత ఫలితంగా చూడరాదని అనేక శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మొత్తం శక్తి సున్న అనడం కంటె, విశ్వం మొత్తానికి శక్తి అనే మాటకు నిర్వచనం లేదనడం మేలని వారంటారు.

తెగని ఆవర్జా

రెండవ చిక్కు విశ్వపు ఆకృతి. ప్లాంక్ ఉపగ్రహపు 2018 నాటి ఫలితాలను ఇతర పరిశీలనలతో కలిపి చూస్తే, విశ్వస్థలం వెయ్యింటికి కొన్ని పాళ్ళ తేడాలోపల చదునుగానే ఉన్నది. చదునైన విశ్వానికి అనుకూలమైన మాట ఒకటి ఉన్నది. గెలాక్సీలు దూరమయ్యే గతిశక్తి, వాటి మధ్య గురుత్వ ఋణం, ఈ రెండూ న్యూటన్ పద్ధతిలో సరిగ్గా కొట్టుపోవడమే చదునుతనానికి అర్థం. కాని ఈ కూడికలో పదార్థపు స్వంత శక్తి, అనగా మనం 100 కోట్లని చెప్పుకున్న అసలు ఆస్తి, చేరనే లేదని పాఠకులు గమనించాలి. చదునుతనం కనుగొన్నారు కాబట్టి సున్న రుజువైనదని వ్రాసేవారు తరచుగా ఈ తేడాను దాటవేస్తారు.

అంతేకాదు. చదునైన విశ్వం అనంతం కూడ కావచ్చు. అప్పుడు ఆస్తి అనంతం, అప్పు అనంతం. అనంతం నుండి అనంతం తీసివేస్తే ఎంత? రేవు గుమాస్తా రామానుజన్‌కు ఈ ప్రమాదం బాగా తెలుసు. ఒకటి జమ, ఒకటి ఖర్చు, మళ్ళీ ఒకటి జమ, ఒకటి ఖర్చు అని అంతులేకుండా పోయే పద్దును తీసుకుందాం. మొదటినుండి రెండేసి చొప్పున జతచేస్తే మొత్తం సున్న. మొదటి జమను పక్కన ఉంచి తక్కినవి జతచేస్తే మొత్తం ఒకటి. ఇంకొక క్రమబద్ధమైన నియమం ప్రకారం అర. పద్దులు మారలేదు, కూడిన తీరే మారింది. 1913 ఫిబ్రవరి 27న హార్డీకి వ్రాసిన రెండవ లేఖలో రామానుజన్, ఒకటి, రెండు, మూడు అంటూ అనంతంగా పోయే సంఖ్యల మొత్తం తన పద్ధతిలో ఋణ పన్నెండవ వంతు అవుతుందని వ్రాశారు. ఇది చెబితే తనను పిచ్చాసుపత్రికి దారిచూపుతారేమోనని కూడ హాస్యమాడారు. అది మామూలు కూడిక కాదు, ప్రత్యేకమైన నియమం కింద వచ్చే విలువ. కాసిమీర్ బలాన్ని గణించడంలో నేడు ఈ జాతి మొత్తాలనే వాడుతున్నారు. నియమం ఏదో ముందు చెప్పనిదే అనంతమైన ఆవర్జాకు చివరి నిలువ ఉండదు. విశ్వం అనంతమైతే దాని శక్తి సున్న అనే మాటకు ముందు, ఏ నియమం ప్రకారం అని అడగవలసి ఉన్నది.

పోయిన శక్తి ఎక్కడికి పోయింది?

మూడవ చిక్కు శక్తి నిత్యత్వ నియమానిదే. ఈ నియమం ఎందుకు వర్తిస్తుందో 1918లో ప్రచురించిన సిద్ధాంతంలో ఎమీ నోథర్ వివరించారు. ప్రకృతి నియమాలు, పరిసరాలు నిన్న ఎట్లున్నవో నేడూ అట్లే ఉంటే శక్తి మొత్తం మారదు. భూమి మీది ప్రయోగశాలలో ఇది ఎంతో కచ్చితంగా నిజం. వ్యాకోచిస్తున్న విశ్వంలో మాత్రం నిన్నటి స్థలం నేటి స్థలం కాదు. కాబట్టి అంత పెద్ద ఎత్తున ఆ నియమానికి పునాది సడలిపోతుంది.

దీనికి ఉదాహరణ ఆకాశమంతా నిండి ఉన్నది. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరాలకు బయలుదేరిన కాంతి నేడు నేపథ్య వికిరణంగా మనకు అందుతున్నది. దారిలో స్థలం సుమారు 1,100 రెట్లు సాగింది. ఒక్కొక్క కాంతికణపు శక్తి అన్ని రెట్లు తగ్గింది. ఆ పోయిన శక్తి వేరే ఏ ఖాతాలోనూ జమ పడలేదు. మరోవైపు 1998లో కనుగొన్న కృష్ణశక్తి, సరళమైన సిద్ధాంతం ప్రకారం, స్థలం పెరిగినా పలుచబడదు. పెరిగిన ప్రతి ఘనమీటరుతోపాటు అదీ పెరుగుతుంది. నేటి విశ్వశక్తిలో మూడింట రెండు వంతులకు పైగా అదే. అది కూడ కాలక్రమేణా మారుతున్నదేమో అనే సూచనలు 2024, 2025 సంవత్సరాలలో వెలువడిన డెసి పరిశీలనలలో కనిపించినా ఇంకా నిర్ధారణ కాలేదు.

దీనిని రెండు విధాలుగా చెప్పవచ్చు. గురుత్వ ఋణం కూడ ఆ మేరకు మారి లెక్క సరిపోతున్నదని కొందరు వ్రాసుకుంటారు. విశ్వపు స్థాయిలో శక్తి నిత్యత్వమే వర్తించదని మరికొందరు తేల్చివేస్తారు. సమీకరణాలు ఇద్దరివీ ఒకటే, పరిశీలన ఫలితాలూ ఒకటే. మారినది పద్దు వ్రాసే తీరు.

సున్న, శూన్యం ఒకటేనా?

ఈ చిక్కులన్నీ పక్కన పెట్టి మొత్తం సున్నయే అనుకున్నా, అంతటితో విశ్వం ఏమీ లేనిదాని నుండి వచ్చిందని రుజువు కాదు. శక్తి నియమం అడ్డురాదని మాత్రమే తేలుతుంది. దారిలో ఒక గేటు మూసి లేదని తెలిసినంత మాత్రాన ఆ దారిన బండి వచ్చిందని చెప్పలేము. పైగా ట్రయన్ చెప్పిన శూన్యంలో క్వాంటం నియమాలు ముందే ఉన్నాయి. విలెంకిన్ స్థలకాలాలను కూడ తీసివేసి చూసినా నియమాలు మిగిలే ఉన్నాయి. ఆ నియమాలు ఎక్కడివి అనే ప్రశ్నకు శక్తి లెక్క జవాబు ఇవ్వదు, ఇస్తానని చెప్పదు కూడ.

రామానుజన్ స్వయంగా సున్నను గురించి ఆలోచించినవారే. కేంబ్రిడ్జిలో ఆయనకు మిత్రులైన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆ సంభాషణలను తరువాత జ్ఞాపకం చేసుకున్నారు. సున్నను రామానుజన్ నిర్గుణ బ్రహ్మానికి సంకేతంగా, అనంతాన్ని సమస్త సంభావ్యతల సమూహంగా భావించేవారట. ఆ రెండింటి గుణకారం నుండి సాంతమైన సంఖ్యలన్నీ వెలువడగలవని, ఒక్కొక్క సృష్టిని అటువంటి ఒక్కొక్క గుణకారంగా తలచవచ్చునని అనేవారట. వినడానికి నేటి వాదానికి ఎంతో దగ్గరగా ఉన్నది. అయినంత మాత్రాన జార్జి టౌన్ గుమాస్తా ఆధునిక విశ్వశాస్త్రాన్ని ముందే చెప్పారనడం ఆయనకు గౌరవం కాదు. అది ఆయన తత్త్వచింతన. అందులో బస్తా బరువు లేదు, తార వ్యాసార్థం లేదు, తప్పని తేల్చగల కొలత లేదు. ఏది నిరూపణ, ఏది భావన అన్న తేడా తెలిసిన గణితవేత్త మాటను ఆ తేడా చెరిపి ఉదహరించడం అన్యాయమే అవుతుంది. సృష్టికర్త లేడని సున్నతో రుజువు చేయబూనేవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

కాబట్టి విద్యార్థికి చెప్పదగిన జవాబు ఇట్లు ఉండవచ్చు. గురుత్వాకర్షణ శక్తి ఋణమన్నది గట్టి సత్యం, తూకానికి అందినది. విశ్వంలో ఆ ఋణం, పదార్థపు ధనం ఒకే స్థాయిలో ఉన్నాయన్నది మోటు లెక్కలో నిజం. ఒంటరి వ్యవస్థలో రెండూ పూర్తిగా కొట్టుపోవన్నది నిరూపితం. విశ్వం మొత్తం సంవృతమైతే సున్న అనడానికి అర్థం ఉన్నది, కాని ఆ సున్న నిర్వచనం నుండి వచ్చినదే. విశ్వం అనంతమైతే మొత్తం అనే మాటకే ముందు అర్థం చెప్పుకోవాలి. పాఠ్యపుస్తకంలోని శక్తి నిత్యత్వ నియమం మన యంత్రాలకు, మన శరీరాలకు, మన తారలకు ఎప్పటివలెనే వర్తిస్తుంది. దానిని విశ్వమంతటికీ సాగదీసేటప్పుడే జాగ్రత్త కావాలి.

షావుకారుపేటలో లెక్క తెలిసిన గుమాస్తా పద్దు తేలలేదని పుస్తకం మూసి పెట్టడు, తేలినట్లు అంకె దిద్దడు. తేలని పద్దును తేలనిదిగానే మరునాటి పుటకు ఎత్తి వ్రాసుకుంటాడు. విశ్వశక్తి పద్దు ప్రస్తుతానికి అట్లు ఎత్తి వ్రాసుకున్నదే.